క్యాబేజీకి వసంతం స్వాతి కార్తెలో వస్తుంది



ఉగాది దగ్గర పడుతున్నకొద్దీ మా కర్దనూరు చుట్టుపక్కల కొత్తగా ఇళ్ళు కట్టుకున్నవారి నుంచి నాకు ఒకే తరహా ప్రశ్నలు వస్తుంటాయి. "విత్తనాల పొట్లం మీద వసంతంలో చల్లమని రాసి ఉంది. యూట్యూబులో చూసినా మార్చి అనే చెప్పారు. క్యాబేజీ మొలిచింది, ఆకులు విప్పింది, గడ్డ మాత్రం కట్టలేదు. పాలకూర నాలుగాకులు వేసి పూతకు వచ్చింది. మట్టిలో లోపమా, ఎరువులో లోపమా?" లోపం మట్టిలోనూ లేదు, ఎరువులోనూ లేదు. ఆ పొట్లం మీది వసంతం మన వసంతం కాదు. ఈ చిన్న తేడా వెనుక రెండు వందల ఏళ్ళ చరిత్ర ఉన్నది. ఆ చరిత్రలో నా వృత్తికి చెందినవారు, అంటే వైద్యులు, తరచుగా కనిపిస్తారు. ఆరోగ్యం కోసం నడుపుతున్న ఈ పుటలో తోటల గురించి రాయడానికి నాకు దొరికిన సాకు అదే.

ముందుగా చలిదేశాల వసంతమంటే ఏమిటో తెలుసుకోవాలి. ఉత్తర ఐరోపాలోనూ, అమెరికా ఉత్తర రాష్ట్రాలలోనూ శీతకాలంలో నేల గడ్డకట్టి ఉంటుంది. మంచు కరిగి, పలుగు దిగేంతగా మట్టి మెత్తబడినప్పుడు అక్కడి తోటపని మొదలవుతుంది. మట్టి వేడి 7 డిగ్రీల సెంటీగ్రేడు దాటితే బఠాణీ గింజ మొలుస్తుంది. క్యాబేజీ, కాలీఫ్లవర్, క్యారెట్, ముల్లంగి వంటివి 15 నుంచి 20 డిగ్రీల వేడిమిలో హాయిగా పెరుగుతాయి. అటువంటి వాతావరణం వారికి ఏప్రిల్ నుంచి జూన్ వరకు దొరుకుతుంది. మనకో? పటాన్‌చెరు ప్రాంతంలో మార్చి మధ్యాహ్నం ఎండ 35 డిగ్రీలను తాకుతుంది. ఆ చల్లదనం మనకు కార్తీకం నుంచి పుష్యం వరకే లభిస్తుంది. హైదరాబాదు పరిసరాల చలి లెక్కలు పత్రికలలో వచ్చినప్పుడల్లా పటాన్‌చెరు పేరు ముందు వరుసలో ఉండడం మీరు గమనించే ఉంటారు. కొన్ని డిసెంబరు రాత్రులలో ఇక్కడ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకన్నా దిగువకు పడిపోతుంది. సీమ కూరగాయలకు మన జిల్లాలో వసంతం లేదనడం పొరపాటు. ఉన్నది, కాకపోతే అది స్వాతి కార్తెలో వస్తుంది.

ఈ సంగతి ఎవరూ ఒక్కరోజులో కనిపెట్టలేదు. విత్తనాలు తెచ్చి, చల్లి, నష్టపోయి, మళ్ళీ చల్లి నేర్చుకున్నారు.

తెలుగునేల మీద ఈ తరహా పరిశీలనకు పెద్ద పునాది వేసినవాడు ఒక వైద్యుడే. ఎడింబరోలో చదువుకుని ఈస్టిండియా కంపెనీ మద్రాసు వైద్యశాఖలో చేరిన విలియం రాక్స్‌బరో 1781 ప్రాంతంలో సామర్లకోటకు వచ్చాడు. 1793లో కలకత్తా వృక్షోద్యానానికి బదిలీ అయ్యేవరకు గోదావరి సీమలోనే ఉన్నాడు. రోగులను చూడడంతో పాటు అక్కడ తోట పెంచాడు. మిరియాలు, కాఫీ, దాల్చినచెక్క వంటి పరదేశపు మొక్కలు మన గాలికి తట్టుకుంటాయో లేదో నాటి చూశాడు. ఉష్ణమాపకాన్ని రోజుకు పలుమార్లు చదివి రాసిపెట్టే అలవాటు ఆయనకు మద్రాసులోనే ఉండేది. మొక్క బతుకు వేడిమి మీదా, వాన మీదా ఆధారపడుతుందని అందరికీ తెలుసు. ఆ రెండింటినీ అంకెలలో పట్టుకోవాలన్న తపన మాత్రం అందరికీ ఉండదు. 1787 నాటి ఉప్పెనలో ఆయన సేకరణలు కొట్టుకుపోయినా మళ్ళీ మొదటి నుంచి పోగుచేశాడు. ఆయన గ్రంథాలలో మొక్కల శాస్త్రీయ నామాల పక్కన తెలుగు పేర్లు కూడా కనిపిస్తాయి. పల్లె జనాన్ని అడిగి రాసుకున్న పేర్లు అవి.

ఆయన కాలంలోనే ఉత్తర సర్కారులను ఘోరమైన కరవు పట్టి పీడించింది. వాన మీద మాత్రమే ఆధారపడని కొబ్బరి, అరటి వంటి తిండిచెట్లను విరివిగా నాటించాలని ఆయన కంపెనీకి సూచించాడు. ఆకలి వల్ల వచ్చే జబ్బుకు మందు సీసాలో కాక పెరటిలో ఉందని ఒక వైద్యుడు ప్రభుత్వానికి చెప్పిన సందర్భం అది. నాకు తెలిసినంతలో మన ప్రాంతంలో ఇంతకన్నా పాత ఉదాహరణ లేదు.

రాక్స్‌బరో తరువాతి తరంలో విత్తనాల రాకపోకలు ఒక పద్ధతికి వచ్చాయి. 1820లో కలకత్తాలో వ్యవసాయ, ఉద్యాన సంఘాన్ని స్థాపించినవాడు విలియం కేరీ. తెలుగు చదువరులకు ఈ పేరు మరో విధంగా కూడా తెలిసి ఉండాలి. 1814లో శ్రీరాంపురం నుంచి తెలుగు వ్యాకరణాన్ని అచ్చు వేయించిన కేరీ ఈయనే. మద్రాసులో ఇటువంటి సంఘమే 1835లో వెలిసింది. ఇంగ్లండు నుంచి క్యాబేజీ, టర్నిప్, బఠాణీ గింజలు తెప్పించి సభ్యులకు పంచడం ఇటువంటి సంఘాల పనులలో ఒకటి.

గింజలు ఆఫ్రికా చుట్టూ తిరిగి వచ్చేవి. ఓడ ప్రయాణం నెలల తరబడి సాగేది. అడుగు అరలో ఉప్పుగాలికీ చెమ్మకూ నానిన గింజలో ప్రాణం పోయేది. మిగిలిన గింజలను దొరలు తమ ఊరి అలవాటు ప్రకారం మార్చిలో చల్లితే మే ఎండకు మాడిపోయేవి. చివరకు ఈ దేశంలో తోటపని అక్టోబరులో మొదలుపెట్టాలని వారికీ అర్థమయింది. 1860లలో ఫర్మింజర్ అనే మతాచార్యుడు బెంగాలు, ఉత్తర హిందుస్థానం తోటల కోసం రాసిన మార్గదర్శక గ్రంథం చాలా కాలం ఆంగ్లేయుల ఇళ్ళలో పంచాంగంలా చెల్లింది. మన సికింద్రాబాదు వంటి దండు పట్టణాలలో సీమ కూరలకు గిరాకీ ఉండేది. దండు బజారులో అమ్ముడుపోయేదాన్ని చుట్టుపక్కల తోటమాలులు పండించడం సహజం. మనవారు ఆ కూరలను ఎంతకాలం పరాయివిగా చూశారో భాషే చెబుతుంది. బయటి నుంచి వచ్చిన దేనికైనా ముందు "సీమ" అని చేర్చడం మన అలవాటు. టమాటను మన పెద్దలు రామములక్కాయ అని పిలుచుకుని ఇంటిదాన్ని చేసుకున్నారు. క్యాబేజీకి మాత్రం కోసుకూర అనే పేరు పుట్టినా ఎందుకో నిలవలేదు.

మరొక దారి కొండ ఎక్కింది. కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివన్ 1819లో నీలగిరులెక్కి అక్కడి చల్లదనానికి ముగ్ధుడై, ఉదకమండలంలో ఇల్లు కట్టుకుని బంగాళాదుంప మొదలైన సీమ పంటలను నాటించాడు. ఈనాడు పర్యాటకులు ఫోటోలు దిగే ఊటీ వృక్షోద్యానం మొదట కాపురముండే తెల్లవారికి కూరగాయలు సమకూర్చే తోటగా పుట్టింది. 1848లో మెక్‌ఐవర్ వచ్చిన తరువాతనే అది పూలతోటగా, వృక్షశాస్త్ర ఉద్యానంగా మారింది. నీలగిరులలో ఏడాది పొడుగునా పండే క్యారెట్టు ఇప్పటికీ మన బజారుకు వస్తున్నది.

మైదానాలలో కథ వేరు. 1822లో సహారన్‌పూరు కంపెనీ తోటలో కాలీఫ్లవర్‌ను మొదటిసారి నాటారని ఉద్యాన గ్రంథాలు చెబుతాయి. ఆ తోట కంపెనీ వైద్యుల పర్యవేక్షణలో నడిచేది. ఇంగ్లండు రకానికి పువ్వు కట్టాలంటే 10 నుంచి 16 డిగ్రీల చల్లదనం కావాలి. ఉత్తరాది రైతులు ఏ మొక్క కొంచెం ముందుగా, కొంచెం వేడిలో పువ్వు కట్టిందో దాని గింజనే దాచుకుంటూ పోయారు. తరాలు గడిచేసరికి 20 డిగ్రీలు దాటిన వేడిలోనూ పువ్వు కట్టే దేశవాళీ గోబీ తయారయింది. ఆ రైతుల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. దసరా రోజుల్లో మన బజారులో కనిపించే తొలకరి గోబీకి మూలం వారి ఎంపికే.

క్యాబేజీ గడ్డను కోయకుండా వదిలేస్తే మన దగ్గర ఎందుకు గింజ కట్టదని కొందరు అడుగుతుంటారు. క్యాబేజీ మొక్క ఒక స్థాయికి ఎదిగిన తరువాత కొన్ని వారాల పాటు 10 డిగ్రీలకు తక్కువ చలిని అనుభవిస్తేగాని పూతకు రాదు. చలికాలం గడిచిందన్న ఆనవాలు దొరకందే పూయకూడదని దాని స్వభావం. మన చలి దానికి గడ్డ కట్టడానికి సరిపోతుంది, గింజ కట్టడానికి సరిపోదు. అందుకే రెండవ ప్రపంచయుద్ధంలో ఓడలు ఆగిపోయి విదేశీ విత్తనం రాకుండా పోయినప్పుడు క్వెట్టా లోయలో విత్తనోత్పత్తి మొదలుపెట్టారు. దేశ విభజనతో క్వెట్టా పాకిస్తానుకు పోయింది. 1949లో హిమాచల కొండలలో, కులూ లోయలోని కట్రాయిన్‌లో కొత్త కేంద్రం నెలకొల్పారు. సరిహద్దు గీత గీసినప్పుడు మనం నదుల గురించీ జనం గురించీ మాట్లాడుకుంటాం. గోబీ గింజ కూడా చేజారిందని ఎవరికి గుర్తుంటుంది?

ఇంత చరిత్ర మీ పెరటికి ఎలా పనికివస్తుందో చెబుతాను. మన రైతులు విత్తనాన్ని తిథిని బట్టి కాక కార్తెను బట్టి వేస్తారు. కార్తె సూర్యుడి నడకను అనుసరిస్తుంది కనుక ప్రతి ఏడాదీ దాదాపు అదే తేదీకి వస్తుంది. అధిక మాసాలు దానిని జరపలేవు. ఉష్ణమాపకం లేని రోజుల్లో ఇంతకన్నా నమ్మకమైన సాధనం లేదు. సెప్టెంబరు చివరన హస్త, అక్టోబరు రెండవ వారంలో చిత్త వస్తాయి. క్యాబేజీ, కాలీఫ్లవర్, టమాట నారు ఆ రెండు కార్తెలలో పోయండి. నెల రోజుల నారును స్వాతిలో గాని, నవంబరు 6 ప్రాంతంలో వచ్చే విశాఖలో గాని మూరెడు ఎడంగా నాటండి. క్యారెట్, ముల్లంగి, బఠాణీ, పాలకూర, మెంతికూర, కొత్తిమీరలకు నారు అక్కరలేదు, గింజను నేరుగా మడిలో వేయాలి. సంక్రాంతికి గడ్డలు చేతికి వస్తాయి. క్యాబేజీ మడి చుట్టూ రెండు వరుసలు ఆవాలు చల్లితే రెక్కపురుగు ముందు ఆవమొక్కల మీద వాలుతుంది. మందు కొట్టే అవసరం తగ్గుతుంది. వైద్యుడిగా నాకు ఈ ఉపాయం మీద మక్కువ ఎక్కువ.

మరి ఉగాది వేళ ఏం వేయాలి? నిజానికి ఉగాదికి వేయడం కాదు, అప్పటికి తీగలు పందిరెక్కి ఉండాలి. ఆనిగెపుకాయ, బీర, కాకర, దోస గింజలను రథసప్తమి దాటగానే పాదుల్లో పెట్టాలి. బెండ ఫిబ్రవరిలో వేయవచ్చు. తోటకూర, గంగవాయిలి కూర, బచ్చలి ఎండను లెక్కచేయవు.

ఇక వైద్యుడిగా నేను చెప్పవలసిన భాగానికి వస్తున్నాను. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ కూడా చలిప్రదేశం నుంచి వచ్చినదే. 1918లో నీలగిరులలోని కూనూరులో, పాశ్చర్ సంస్థలోని ఒక గదిలో రాబర్ట్ మెకారిసన్ అనే వైద్యుడు బెరిబెరి వ్యాధిపై మొదలుపెట్టిన పరిశోధనాశాల అది. 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. భారతీయ ఆహార పదార్థాలలో ఏ పోషకం ఎంత ఉందో చెప్పే పట్టికలు 1937లో కూనూరు నుంచే మొదట వెలువడ్డాయి. అప్పుడు ఆ సంస్థకు అధిపతి ఐక్రాయిడ్. ఆ పట్టికల పరంపరను తిరగేస్తే ఒక చేదు నిజం కనిపిస్తుంది. ఇంత శ్రమపడి సముద్రాలు దాటించిన క్యాబేజీలో 100 గ్రాములకు సుమారు 40 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే, ఎవరూ తెప్పించకుండానే పెంటకుప్ప పక్కన మొలిచే తోటకూరలో దాదాపు 400 మిల్లీగ్రాములు ఉన్నది. మునగాకులో అంతకన్నా ఎక్కువే. విటమిన్ ఎ గా మారే కెరోటిన్ విషయంలో అంతరం ఇంకా పెద్దది. తోటకూరలోని ఆక్జలేట్లు కొంత కాల్షియాన్ని పట్టి ఉంచుతాయన్నది నిజమే, అయినా లెక్క తోటకూర వైపే మొగ్గుతుంది.

నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వచ్చే పిల్లల కళ్ళలో, తెల్లగుడ్డు మీద నురుగు అంటుకున్నట్లుండే మచ్చలు చూడడం మామూలు విషయం. బిటాట్ మచ్చలంటారు వాటిని. సాయంత్రం కాగానే తల్లి చెయ్యి పట్టుకుని తడుముకుంటూ నడిచే పిల్లలు వారు. 1970లో ప్రభుత్వం ఆరు నెలలకొకసారి 2 లక్షల యూనిట్ల విటమిన్ ఎ ద్రవాన్ని నోట్లో పోసే కార్యక్రమాన్ని ప్రారంభించింది. దాని వెనుక హైదరాబాదు సంస్థ పరిశోధనలే ఉన్నాయి. ఆ చెంచాడు మందు ఎందరో పిల్లల చూపును కాపాడింది. అదే సమయంలో యూనిసెఫ్ వంటి సంస్థల తోడ్పాటుతో బడితోటలు, పెరటితోటలు పెంచే పథకం కూడా నడిచింది. చెంచా మందు నిలిచింది, బడితోట చాలాచోట్ల ఎండిపోయింది. మందు పోయడానికి ఒక్క రోజు చాలు. తోటకు నీళ్ళు రోజూ పోయాలి.

ఆకుకూరల గొప్పదనాన్ని గురించి చెప్పేటప్పుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలచుకోకుండా ఉండలేను. ఫోలిక్ ఆమ్లానికి ఆ పేరు లాటిన్ భాషలో ఆకు అనే మాట నుంచి వచ్చింది. 1941లో అమెరికా శాస్త్రవేత్తలు 4 టన్నుల స్పినాచ్ ఆకు నుంచి దానిని వేరుచేశారు. కొద్ది సంవత్సరాలకే లెడర్లే ప్రయోగశాలలో సుబ్బారావు గారి ఆధ్వర్యంలో దానిని కృత్రిమంగా తయారుచేశారు. ఆయన సోదరులు స్ప్రూ వ్యాధితో మరణించినవారు. ఆ వ్యాధిలో వచ్చే రక్తహీనతకు ఈ మందు పనిచేస్తుంది. ఈనాడు గర్భిణులకు ఇచ్చే మాత్రలలో ఇనుముతో పాటు ఉండేది ఇదే.

మన జిల్లాలోనే జహీరాబాదు వైపు వెళ్ళండి. పస్తాపూరు కేంద్రంగా 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు, ఎవరూ విత్తకుండా పొలంలో తమంతట తామే మొలిచే ఆకుకూరల లెక్క తీశారు. గునుగు, తుమ్మి, చెంచలి, గంగవాయిలి, పొన్నగంటి వంటి పేర్లు వారికి వేళ్ళ మీద ఉంటాయి. మనం బతుకమ్మలో పేర్చే గునుగుకు లేత ఆకు కూరకు పనికివస్తుందని నగరం నుంచి వచ్చిన మా వీధివారికి చెబితే నమ్మలేదు. కనుక మీ మడిలో సగం సీమ కూరలకు ఇవ్వండి, కాదనను. పిల్లలు ఇష్టంగా తింటారు. మిగతా సగం మాత్రం తోటకూర, పుంటికూర, గంగవాయిలికి విడిచిపెట్టండి. ఆకుకూర తిన్నప్పుడు నిమ్మరసం పిండుకోండి. భోజనం కాగానే టీ తాగకండి, అందులోని టానిన్లు ఇనుమును ఒంటబట్టనివ్వవు.

పుంటికూర మాట వచ్చింది కనుక విదేశాలలో ఉన్న పిల్లల దగ్గరకు వెళ్ళే తల్లిదండ్రులకు రెండు మాటలు. క్యాబేజీ చేసిన ప్రయాణాన్ని ఇప్పుడు మన పుంటికూర తిరుగు దిశలో చేస్తున్నది. మిషిగన్‌లో, ఇల్లినాయిస్‌లో, న్యూజెర్సీలో తెలుగువారి ఇంటి వెనుక దడి వెంబడి పుంటికూర, ఆనిగెపుకాయ, బచ్చలి కనిపించడం ఇప్పుడు వింత కాదు. అక్కడ మీరు మన కార్తెలను పక్కన పెట్టి వారి వసంతాన్నే నమ్మాలి. ఆఖరి మంచు ఎప్పుడు పడుతుందో ఆ ఊరివారిని అడగండి. షికాగో, డెట్రాయిట్ వైపు మే నెల మధ్య దాకా వేడికోరే మొక్కను బయట నాటకపోవడం మేలు. గింజను ఏప్రిల్ మొదట్లో ఇంటిలోపల కిటికీ దగ్గర చిన్న కుండీలలో పెట్టి, నారును వారం పది రోజులు పగలు బయట, రాత్రి లోపల ఉంచి గాలికి అలవాటు చేసి అప్పుడు నాటాలి.

అక్కడి పుంటికూర వేసవి అంతా గుబురుగా ఆకు వేస్తుంది, పూయదు. చిక్కుడు తీగ మోపులుగా అల్లుకుంటుంది, కాయదు. ఎందుకని? 1920లో గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు మొక్కలు పగటి నిడివిని కొలుస్తాయని నిరూపించారు. మన పుంటికూర, మన దేశవాళీ చిక్కుడు పగలు కురచయితేనే పూస్తాయి. ఆ దేశాలలో పగలు కురచయ్యేసరికి మళ్ళీ మంచు వచ్చి తీగను చంపేస్తుంది. కనుక ఆకు కోసం పుంటికూర వేయండి, చిక్కుడు మీద ఆశ పెట్టుకోకండి. మరో ముఖ్యమైన సంగతి. కరివేపాకు కొమ్మను పెట్టెలో దాచి తీసుకువెళ్ళకండి. నిమ్మజాతి తోటలను నాశనం చేసే తెగులును వ్యాపింపజేసే పురుగు దాని మీద బతుకుతుంది కనుక అమెరికాలో అది నిషిద్ధం. విత్తనాలకు కూడా నియమాలున్నాయి. ఏది తీసుకువెళ్ళినా విమానాశ్రయంలో ప్రకటించండి.

తిరిగి మన ఊరికి వద్దాం. అసలు నేను ఈ వ్యాసం రాయడానికి పూనుకున్నది ఇప్పుడు చెప్పబోయే విషయం కోసమే.

కాలం, గింజ, ఎరువు అన్నీ కుదిరినా పటాన్‌చెరు మండలంలో తోట పెట్టేవారు మొదట అడగవలసిన ప్రశ్న వేరే ఉన్నది: ఏ నీళ్ళు పోస్తున్నారు? 1972లో ఇక్రిశాట్ ఇక్కడ స్థాపితమైనప్పుడు ఈ నేలను ఎంచుకోవడానికి గల కారణాలలో ఒకటి, ఎర్రనేల, నల్లరేగడి రెండూ పక్కపక్కన దొరకడం. అంత మంచి నేల ఇది. అదే దశకంలో పారిశ్రామికవాడ కూడా ఎదగడం మొదలుపెట్టింది. ఆ తరువాత నక్కవాగు రంగు మారింది. వాగు వెంట పొలాలు, బావులు పాడయ్యాయి. పటాన్‌చెరులో వైద్యవృత్తి చేసిన డాక్టర్ అల్లాని కిషన్ రావు గారు ఏళ్ళ తరబడి ఈ విషయమై పోరాడారు. 1990లో సుప్రీంకోర్టుకు చేరిన వ్యాజ్యం తరువాత హైకోర్టుకు, ఆపై జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్ళింది. రైతులకు నష్టపరిహారం, గ్రామాలకు మంచినీరు అన్న రెండు మాటలు ఆ ఉత్తర్వులలో పదేపదే కనిపిస్తాయి.

2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రచురించిన పరిశోధన ప్రపంచమంతటా వైద్యులను కలవరపరచింది. పటాన్‌చెరులో మందుల కర్మాగారాల వ్యర్థజలాలను శుద్ధిచేసే సామూహిక కేంద్రం నుంచి బయటికి వదిలే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్లు వారు కనుగొన్నారు. ఆ మందు మింగిన రోగి రక్తంలో కూడా అంత గాఢత ఉండదు. 2009లో వెలువడిన తదుపరి పరిశోధన పరిసర గ్రామాల బావి నీటిలోనూ ఔషధాల ఆనవాళ్ళు చూపింది. అటువంటి నీటిలో బతికి బట్టకట్టిన సూక్ష్మజీవి మందులకు లొంగదు. తరువాతి కాలంలో శుద్ధి విధానాలు మారాయి. కర్మాగారాల మీద నియంత్రణ పెరిగింది. అయితే భూగర్భంలోకి ఒకసారి దిగినది అంత త్వరగా బయటికి పోదు.

మీ బోరు చెడిపోయిందని నేను అనడం లేదు. ఒక బోరుకూ నూరు గజాల దూరంలోని మరో బోరుకూ తేడా ఉండవచ్చు. పరీక్ష చేయిస్తేగాని తెలియదు. చేతిలో పట్టుకునే టీడీఎస్ మీటరు కరిగిన లవణాల మొత్తాన్ని చూపుతుంది, అంతే. సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ దానికి కనిపించవు, మందుల అవశేషాలు అసలే కనిపించవు. వ్యవసాయశాఖ మట్టి పరీక్షలో సాధారణంగా చూసేది పోషకాలను, లవణాలను. లోహాల పరీక్షను గుర్తింపు పొందిన ప్రయోగశాలలో విడిగా అడిగి చేయించుకోవాలి. నీటిని మరిగిస్తే క్రిములు చస్తాయి, లోహాలు పోవు సరికదా ఆవిరైనంత మేర గాఢత పెరుగుతుంది. అనుమానం ఉంటే తోటకు వాననీటిని పట్టి వాడండి. వంటింట్లో బియ్యం, కూరలు కడిగిన నల్లా నీళ్ళు కూడా పనికివస్తాయి.

నేల మీద అనుమానం ఉంటే ఇటుకలతో అడుగెత్తు గట్టు కట్టి, తెలిసిన చోటి మట్టితో, పెంట ఎరువుతో నింపి అందులో పెంచుకోండి. ఆకుకూరలు, దుంపలు లోహాలను ఎక్కువగా పీల్చుకుంటాయి. టమాట, బెండ, ఆనిగెపు వంటి కాయలలోకి చేరేది తక్కువ. నేల సంగతి తేలేవరకు కాయకూరలతో మొదలుపెట్టడం తెలివైన పని. రోడ్డు పక్క దుమ్ములో కూడా సీసం ఉంటుంది కనుక ఆకును మూడు నీళ్ళలో కడిగి వండండి, పచ్చిగా తినకండి.

మన ప్రాంతంలో ఉన్న ఒక ప్రమాదం గురించి ఇంకొక్క మాట. పాత సామాను దుకాణాలలో నీలిరంగు ప్లాస్టిక్ డ్రమ్ములు చవకగా దొరుకుతాయి. వాటిని సగానికి కోసి కుండీలుగా, నిండుగా ఉంచి నీళ్ళ తొట్లుగా వాడడం ఇంటింటా చూస్తున్నాను. వాటిలో ఇంతకుముందు ఏ రసాయనం ఉండేదో అమ్మేవారికీ తెలియదు, కొనేవారికీ తెలియదు. సబ్బుతో ఎన్నిసార్లు కడిగినా ప్లాస్టిక్ పీల్చుకున్నది కొంత మిగులుతుంది, ఎండలో మెల్లగా బయటికి వస్తుంది. అది మొక్క వేరుకు, అక్కడి నుంచి మీ పిల్లల కంచంలోకి చేరుతుంది. మట్టి కుండీ, సిమెంటు తొట్టి, కొత్త గ్రో బ్యాగు ఏదైనా పరవాలేదు. డ్రమ్ము మాత్రం వద్దు. ఇప్పటికే వాడుతుంటే అందులోని మట్టిని కూడా తోటలో కలపకండి.

ఈ ఏడాది సీమ కూరలు వేయాలనుకునేవారు నీటి నమూనాను సెప్టెంబరు మధ్యలో వచ్చే ఉత్తర కార్తెలోనే ప్రయోగశాలకు ఇవ్వండి. శుభ్రమైన సీసాను అదే బోరు నీటితో మూడుసార్లు తొలిచి, మోటారు పది నిమిషాలు నడిచిన తరువాత పట్టండి. ఫలితం చేతికి వచ్చాక హస్తలో నారు పోసుకోవచ్చు.